అడగకుండా కోసిన గొట్టం

ఫిబ్రవరి 1, ఆదివారం

క్లినిక్ సెలవు. పొద్దున్నే షెడ్డులో కారు బానెట్ ఎత్తి కూర్చున్నాను. పాత ఎయిర్ ఫిల్టర్ పెట్టె ఊడదీశాను. దాని స్థానంలో కొత్త లావుపాటి గొట్టం, చివర శంఖంలాంటి ఫిల్టర్. గాలిని కొలిచే సెన్సర్‌ని పాతదాంట్లోంచి తీసి కొత్తదాంట్లో అమర్చడం ఒక్కటే భయం. లోపల వెంట్రుకంత తీగ. రోజూ పంటి వేర్లలో సూదులు తిప్పే చేతులకి ఇదో లెక్కా అనుకున్నాను. అయినా సెన్సర్ రెండుసార్లు జారింది.

కూర్చుంది!

ఎదురింటి పైడయ్య ట్రాక్టరు ఆపి మరీ చూశాడు. "డాక్టరమ్మా, మెకానిక్కు రాలేదేటి?"

"వచ్చేను కదా, నేనే."

"అది కాదమ్మా... మెకానిక్కు."

ఈ ఊళ్లో నేను పళ్లు పీకొచ్చు. బోల్టు మాత్రం తిప్పకూడదు.

స్టార్ట్ చేశాను. యాక్సిలరేటర్ తొక్కితే ముందు నుంచి గాలి పీల్చే చప్పుడు, చెరువులో మునిగి లేచినవాడు ఒక్కసారి ఊపిరి తీసుకున్నట్టు. అమ్మ వంటింట్లోంచి "ఏటే అది, పాము బుస్సా?" అంది.

ఫిబ్రవరి 3

ఇక మిగిలింది సైలెన్సర్. అది నా వల్ల కాదు, వెల్డింగ్ ఉంటుంది. తమ్ముడు నూకరాజు విశాఖపట్నంలో ఎవరో తెలుసన్నాడు. వాడి స్నేహితుడి స్నేహితుడట. సరే.

ఫిబ్రవరి 6, శుక్రవారం

కారు ఇచ్చి వచ్చాను. షాపు ఓనరు నల్ల టీషర్టు, నల్ల కళ్లద్దాలు. నీడలో కూడా తియ్యడు. కారు దిగింది నేను, తాళం ఉన్నది నా చేతిలో. అడిగేది మాత్రం నూకరాజుని.

"సార్, సౌండ్ ఎలా కావాలి?"

"బండి నాది," అన్నాను.

"ఓకే మేడమ్." మళ్లీ అటు తిరిగి— "సార్, చివర టిప్ నీలమా, స్టీలా?"

స్పష్టంగా చెప్పాను. వెనకాల సైలెన్సర్ డబ్బా మాత్రమే మార్చండి. మధ్యలో ఏమీ ముట్టుకోవద్దు, కేటలిటిక్ కన్వర్టర్ అసలే వద్దు. పొగలో విషాన్ని విరిచేది అదే అని నాకు తెలుసు, మీకు తెలుసు. తలూపాడు. ఎవరి వైపు చూసి ఊపాడో నాకు గుర్తులేదు.

మధ్యాహ్నం పేషెంట్లున్నారని నేను బస్సెక్కి వచ్చేశాను. నూకరాజు అక్కడే ఉండి సాయంత్రం తెచ్చాడు. కారు వీధి మలుపు తిరగకముందే తెలిసింది. గచ్చు మీద నిలబడ్డ నా అరికాళ్లకి తెలిసింది.

రాయకూడదు గానీ... ఒళ్లు పులకరించింది. ఎంత బాగుందో ఆ గొంతు.

ఫిబ్రవరి 8

జంక్షన్‌లో కానిస్టేబుల్ ఆపాడు. సౌండు ఎక్కువగా ఉందన్నాడు, ఒప్పుకుంటాను. ఆ తర్వాత— "ఎవుల బండమ్మా? మీ ఆయనదా?"

"ఆయన లేడు. బండే ఉంది."

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఫిబ్రవరి 10

డాష్‌బోర్డులో ఇంజన్ బొమ్మ లైటు వెలిగింది. కారు లోపల వాసన కూడా. కుళ్లిన గుడ్డు, కాలిన ఇనుము కలిస్తే ఎలా ఉంటుందో అలా. నూకరాజు ఫోన్ లోంచి తల ఎత్తకుండా, "కొత్త పైపు కదక్కా, రంగు కాలతాది. నాలుగు రోజులు పోతే పోద్ది" అన్నాడు.

సరే అనుకున్నాను. ఎందుకనుకున్నాను?

ఫిబ్రవరి 12, గురువారం

రాసి పెట్టాలి.

అమ్మని దేవరాపల్లిలో పిన్ని ఇంటికి తీసుకెళ్తున్నాను. అమ్మ ఈ కారెక్కడం ఇదే మొదలు. "కింద కూకున్నట్టుంది, పీట మీద కూకున్నా ఇంతకన్నా ఎత్తే" అని నవ్వుతూనే ఎక్కింది. దారిలో గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి వెళ్లే చెరకు ట్రాక్టర్లు అడ్డం. ఒకటి బోల్తా పడి చెరకంతా రోడ్డు మీద. చాలాసేపు ఆగిపోయాం. ఎండ. ఇంజన్ ఆపలేదు, ఏసీ కోసం.

నాకు కణతలు లాగుతున్నాయి. ఎండ అనుకున్నాను. అమ్మ మాటలు తగ్గాయి. చూస్తే తల పక్కకి వాలి ఉంది.

"అమ్మా?"

"ఏటోలా ఉందే... తల తిరిగిపోతంది."

అప్పుడు తెలిసింది. అప్పుడు! ఇంజన్ ఆపేసి, తలుపులు తెరిచి, అమ్మని చంకల కింద పట్టుకుని బయటికి లాగాను. గట్టు మీద కూర్చోబెట్టేలోపే వాంతి చేసుకుంది. ట్రాక్టరు వాళ్లు నీళ్లు తెచ్చి, తువ్వాలుతో విసిరారు. అమ్మకి ఉబ్బసం. ఆ గాలిలో ఇంకాస్సేపు ఉండి ఉంటే?

ఆటోలో వెనక్కి తెచ్చాను. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టించాను. ఇప్పుడు బాగానే ఉంది, టీ అడిగింది. పొగ కారు లోపలికి వస్తోంది. ఎక్కడి నుంచో రేపు చూస్తాను. కారు అక్కడే గట్టు పక్కన ఉంది. ఎవరైనా ఎత్తుకుపోతే పోనీ.

ఫిబ్రవరి 13

కారుని ఊళ్లోకి లాగించి సన్యాసిరావు షెడ్డులో లిఫ్టు మీద ఎక్కించాం. నేనే కిందికి వెళ్లి టార్చి వేశాను.

మధ్యలో ఉండాల్సిన కన్వర్టర్ లేదు.

లేదు! దాని చోట ఉత్త గొట్టం ముక్క అతికించి ఉంది. అతుకు కూడా చక్కగా లేదు, ఒకవైపు వేలు పట్టేంత సందు. చుట్టూ నల్లటి మసి. పొగంతా అక్కడి నుంచే, సరిగ్గా మా సీట్ల కిందకి. నా ఒళ్లు పులకరింపజేసిన గొంతు ఆ ఖాళీదే.

ఒక పన్ను పీకాలంటే నేను మనిషిని కూర్చోబెట్టి, ఎందుకో చెప్పి, సరే అన్నాకే పట్టకారు ఎత్తుతాను. వీళ్లు నా కారు కడుపు కోసి, ఉన్నది తీసుకుని, కుట్టి పంపేశారు. ఆ డబ్బాలో విలువైన లోహం ఉంటుంది, అమ్ముకున్నారు, అంతే.

"దొంగలు," అన్నాను.

నూకరాజు లిఫ్టు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. నా వైపు చూడటం లేదు. ఆ చూడకపోవడం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

"నీకు తెలుసా?"

"ఆలు నన్నడిగేరక్కా. అది తీసేస్తే సౌండు అదిరిపోద్దన్నారు. నువ్వైతే ఒప్పుకోవని..."

"ఒప్పుకోనని తెలిసి?"

"నేను సెప్తాన్లే అన్నాను. తర్వాత నీకే నచ్చింది కదా. నువ్వే బాగుందన్నావు!"

సన్యాసిరావు స్పానర్ కింద పెట్టి టీకని బయటికి వెళ్లిపోయాడు.

ఫిబ్రవరి 14

వాడితో మాట్లాడటం లేదు.

ఫిబ్రవరి 15

వాడికి నా మీద కోపమట! అమ్మ చెప్పింది. అందరి ముందూ షెడ్డులో నిలదీశానట. అమ్మ రోడ్డు పక్కన వాంతి చేసుకుంది కూడా అందరి ముందే.

ఫిబ్రవరి 16, సోమవారం

క్లినిక్ మూసి విశాఖపట్నం వెళ్లాను. ఒక్కదాన్నే, బస్సులో. నల్ల కళ్లద్దాలాయన మొదట గుర్తుపట్టలేదు.

"మేడమ్, మీ తమ్ముడుగారు ఓకే అన్నాకే చేసేం."

"బండి ఎవరిది?"

"ఫ్యామిలీలో ఒకరు ఓకే అంటే సరిపోద్ది కదండీ."

"మా అమ్మ ఆ పొగకి పడిపోయింది. అతుకు కూడా సరిగా వెయ్యలేదు మీరు."

"ఏసీ వెయ్యకుండా అద్దాలు దించుకుంటే ప్రాబ్లమ్ ఉండదు మేడమ్."

అద్దాలు దించుకోవాలట!

నా కన్వర్టర్ నాకివ్వండి అన్నాను. తుక్కులో పోయిందన్నాడు. అయితే వచ్చేదాకా కూర్చుంటానని కుర్చీ లాక్కుని గుమ్మంలో కూర్చున్నాను. నాకు గట్టిగా మాట్లాడటం వచ్చు, చెవిటి ముసలివాళ్లకి పళ్లసెట్లు అమర్చి అమర్చి వచ్చింది. తన కారు కోసం వచ్చిన ప్రతి మనిషికీ ఒకటే మాట: "బాబూ, ఇంటికెళ్లే ముందు ఒకసారి బండి కింద చూసుకోండి." కొందరు ఇబ్బందిగా నవ్వారు. ఒకాయన మాత్రం నిజంగానే చొక్కా విప్పి, నేల మీద వెల్లకిలా పడుకుని చూసుకున్నాడు.

అప్పుడు తీశాడు కళ్లద్దాలు.

"వారం ఆగండి మేడమ్. తెప్పిస్తాం."

ఫిబ్రవరి 19

అమ్మ: "ఆడు రెండు రోజులై ఇంట్లో అన్నం తినట్లేదే." బయట తింటున్నాడు. నిన్న బిరియానీ వాసనతో వచ్చాడు. అది చెబితే నేనే చెడ్డదాన్ని.

ఫిబ్రవరి 23, సోమవారం

ఇది నమ్మశక్యంగా లేదు.

పిలిస్తే వెళ్లాను. బల్ల మీద కన్వర్టర్ పెట్టాడు, గోనెలో చుట్టి. నిజమైనదే. నా మోడల్‌కి సరిపోయేదే. కానీ నాది కాదు. నేను కొన్నది సముద్రం దగ్గర తిరిగిన పాత కారు, దాని కన్వర్టర్‌కి ఒక పక్క తుప్పు. ఇది శుభ్రంగా ఉంది. రెండు చివరలా కోత కొత్తగా మెరుస్తోంది.

"ఇది ఎవరిది?"

"మీకెందుకు మేడమ్? సెట్టవుద్ది. ఫ్రీగా వేసిస్తాం."

"ఎవరి బండి కిందది?"

గోనె మళ్లీ కప్పబోయాడు. లోపల లిఫ్టు మీద తెల్ల కారు ఒకటి ఉంది, నా మోడలే. ఆ కారు తాలూకు మనిషి ఎక్కడో ఆఫీసులో కూర్చుని, సాయంత్రానికి కారు తయారవుతుందని అనుకుంటూ ఉంటాడు.

చేతిలోకి తీసుకున్నాను. బరువుగా ఉంది. తీసుకుని వచ్చేస్తే అయిపోయేది. ఎవరూ నన్ను అడిగేవాళ్లు కాదు.

బల్ల మీద పెట్టేశాను. తెల్ల కారు నంబరు ఫోన్‌లో ఫొటో తీసుకుని, "ఆయన్ని వెతికి చెప్తాను" అన్నాను. ఎలా వెతకాలో తెలియదు. నాకు తెలుసేమో అని అతనికి అనిపించేలా మాత్రం అన్నాను.

"అంత కోపం మంచిది కాదు మేడమ్, ఆరోగ్యానికి."

పొగ మింగించినవాడు నాకు ఆరోగ్యం చెబుతున్నాడు.

ఫిబ్రవరి 24

పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చాను, తెల్ల కారు నంబరుతో సహా. ఎస్సైగారు ఓపిగ్గానే విన్నారు. పిలుస్తామన్నారు.

ఇంట్లో కథ వేరు. నూకరాజు పది రోజుల తర్వాత నాతో మొదటి మాట: "ఇచ్చింది తీసుకుంటే పోయేది కదక్కా. ఊరికే గొడవ."

లేచి గదిలోకి వచ్చేశాను. జవాబు మొదలుపెడితే ఆగేదాన్ని కాదు.

మార్చి 2

కంపెనీకి నా డబ్బు కట్టి తెప్పించిన కొత్త కన్వర్టర్ వచ్చింది. పెట్టెకి ఉన్న టేపు కూడా ముద్దుగా ఉంది.

మార్చి 8, ఆదివారం

సన్యాసిరావు వెల్డింగ్ చేస్తుంటే పక్కనే నిలబడ్డాను. "నమ్మకం లేదేటమ్మా?" అన్నాడు. లేదు, ఎవరి మీదా లేదు అన్నాను. నొచ్చుకోకుండా ముఖానికి పెట్టుకునే అద్దం ఇంకోటి ఇచ్చాడు. అతుకులన్నీ సబ్బు నీళ్లు పోసి చూశాం. బుడగ రాలేదు. లైటు ఆరింది. అద్దాలు మూసి చాలాసేపు ఒక్కదాన్నే లోపల కూర్చున్నాను. వాసన లేదు.

సౌండు తగ్గింది. బాగానే ఉంది, మర్యాదగా ఉంది. ఆ పాత గొంతు గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. అది కూడా వాళ్ల మీద కోపమే. నాకు ఇష్టమైనదాన్ని కూడా పాడు చేసి పెట్టారు.

మార్చి 11

రేపు అమ్మని అనకాపల్లి కళ్ల ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కారు బాగైందని చెప్పాను, అన్నీ చూశానని చెప్పాను.

"నేను బస్సులో పోతాను."

"భయమా?"

"భయమేటి! నువ్వు ఆడ్ని మాటాడిచ్చేదాకా ఆ కారెక్కను. ఆడోళ్లకి బస్సు ఊరికేనే కదా."

తప్పు వాడిది. మాట ఆపింది వాడు కూడా. శిక్ష నాకు!

"వాడొచ్చి తప్పైపోయిందంటే నేను మాట్లాడనా?"

"ఆడు అనడే. ఆడి నోటికి ఆ మాట రాదు. నీకు తెలీదేటి?"

తెలుసు. వాడికి రాదని తెలిసి నేనే ఎందుకు ముందు మాట్లాడాలి? ముప్పై ఏళ్లొచ్చాయి వాడికి. మాటలు నేర్చుకోవడానికి ఇంకెంతకాలం కావాలి?

మార్చి 12, గురువారం

అమ్మ అన్నంత పనీ చేసింది. బస్సెక్కింది. నేను కారులో ఆ బస్సు వెనకే వెళ్లాను, తుమ్మపాల మీదుగా, ఆగిన ప్రతి స్టాపులో ఆగుతూ. కండక్టరు వెనక అద్దంలోంచి రెండుసార్లు అనుమానంగా చూశాడు. అమ్మ ఒక్కసారి కూడా తిరగలేదు.

ఆసుపత్రిలో మాత్రం మామూలుగానే ఉంది. నా భుజం మీద తల పెట్టి కునుకు తీసింది. కళ్లలో చుక్కలు వేశారు. బయటికొచ్చేసరికి ఎండ చూడలేక కళ్లు గట్టిగా మూసుకుంది. నా చెయ్యి పట్టుకుని, "ఇటా, అటా?" అంది.

కారు గేటు పక్కనే ఉంది. అమ్మ కళ్లు మూసుకుని ఉంది. తలుపు తీసి కూర్చోబెట్టేదాకా తెలియదు. తెలిసినా ఆ సీట్లోంచి సాయం లేకుండా లేవలేదు. చోడవరంలో ఇల్లు చేరేదాకా తిడుతుంది, అంతే. ఆ ఎండలో, ఆ కళ్లతో, అది ఆమెకి సుఖమే కూడా.

కారు దాకా నడిపించాను. తలుపు మీద చెయ్యి వేశాను.

"ఇటు బస్టాండా?" అంది అమ్మ.

"కాదు, కారు. ఎక్కుతావా?"

"ఎక్కను."

బస్టాండుకి తీసుకెళ్లాను. కళ్లు కనిపించని మనిషిని ఒంటరిగా పంపలేను కదా, నేనూ ఎక్కాను. దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు. మాట కూడా మార్చలేదు.

ఇప్పుడు ఇంట్లో ఉన్నాను. కారు అనకాపల్లి ఆసుపత్రి గేటు దగ్గర ఉంది, తాళం నా ముందు బల్ల మీద. రేపు పొద్దున్న పేషెంట్లున్నారు. వరండాలో నూకరాజు తన బైకు తుడుస్తున్నాడు, అవసరం లేకపోయినా, అటూ ఇటూ, పెద్దగా చప్పుడు చేస్తూ. అనకాపల్లిలో దింపుతావా అని ఒక్క మాట అడిగితే చాలు, ఎక్కించుకుని తీసుకెళ్తాడు.

వాడే అడగొచ్చు కదా, అక్కా కారేదీ అని.

ఇంకా తుడుస్తూనే ఉన్నాడు.