ఫ్లెక్సీలో అక్క

తాటిపాక బాబాయిగారికి నమస్కారాలు.

మా సెంటర్లో మీరు కట్టించిన ఫ్లెక్సీ భలే పనిచేసిందండీ. "జాతీయ ఫుట్‌బాల్ జట్టులోకి మా అమ్మాయిని తీసుకోవాలి" అన్న ఆ ఫ్లెక్సీని టీవీవాళ్లు రోజంతా చూపించేరు. దాంతో సెలెక్టర్లు ఫొటోలోని అమ్మాయిని శిబిరానికి పంపమన్నారు.

ఆడేది నేనే అయినా, నా ఫొటో నిండా బురదేనని మీరు అనితక్క ఫొటో వేయించేరు కదా! బంతిని ఎన్నడూ తన్నని అక్క ఇప్పుడు ఇంటర్వ్యూలిస్తోంది. నిన్న విలేకరి నన్ను చూపించి, "ఈవిడా ఆడతారా?" అని అడిగితే, "అబ్బే, మా చెల్లెలండీ, బంతులు అందిస్తుందంతే" అంది.

అక్క మేకప్ పెట్టె మోయడానికి నేనూ శిబిరానికి వెళ్తున్నాను. అందులో సామానంతా తీసేసి నా బూట్లు సర్దేను. అక్కకి చెప్పకండేం.

ఇట్లు,
మీ బురద అమ్మాయి