తడిసిన పోగు

బ్రిస్టల్,
19 మే 1953.

అమ్మకు,

నేను వేళకి తింటున్నాను, దగ్గు తగ్గింది. నువ్వూ, నీ మోకాళ్లూ, మన హాలిఫాక్స్ మిల్లు వీధిలో అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. రాణిగారి పట్టాభిషేకం రోజుకని దాచిన పంచదార వాడెయ్యకు. వీధి విందుకి అల్లం కేకు నేనే చేస్తాను.

నీ ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. మొదటిది, పక్కింటి మిసెస్ అక్రాయిడ్ పేపర్లో చూపించిన ఆ మెలికల నిచ్చెన ఏమిటని. నీకు చెప్పడం తేలికే, పదహారేళ్లు నూలు పేనినదానివి. రెండు పోగులు ఒకదాన్నొకటి చుట్టుకుని ఉంటాయి. మధ్యలో నాలుగు రకాల ముక్కలు, ఏ ముక్కకైనా జత కుదిరేది ఒక్కటే. అందుకని రెండు పోగులూ విడిపోయినా, ఒక్కొక్కటీ పోయిన జతను మళ్లీ ముక్క ముక్కగా కట్టుకోగలదట. నీ ముక్కు నాకు వచ్చింది ఆ దారినే. దాన్నే డి.ఎన్.ఎ. అంటారు. దాని ఆకారం కేంబ్రిడ్జిలో ఇద్దరు కనిపెట్టారు.

రెండోది, మీ లాబులోనూ అదే పని కదా, మీరెందుకు కనిపెట్టలేదని. అది చదివి ఒళ్లు మండిపోయింది. నీ మీద కాదు.

మా డాక్టర్ పెల్లింగ్‌కి ఎండిన పోగంటే ప్రాణం. దాని మీదికి ఎక్స్-రే పంపితే ఫిల్ము నిండా చుక్కలు పడతాయి, ఆయన లెక్కలకి అవే కావాలి. దూడ గ్రంథి నుంచి తీసిన డి.ఎన్.ఎ. జిగురుని సూదితో లాగి ఆ పోగు చేసేది నేను. అది మరీ తడవకుండా పక్కన సీసాలో ఉప్పునీళ్లు పెట్టేదీ నేనే. కిందటి అక్టోబరు పద్నాలుగున ఉప్పు వెయ్యడం మరిచిపోయాను. పోగు చెమ్మ పీల్చి సాగింది. మూడు రోజుల తర్వాత ఫిల్ము కడిగితే ఎప్పటి చుక్కల గుంపు లేదు. మధ్యలో పెద్ద గుణకారం గుర్తు.

"తడిపేశావా?" అన్నాడు పెల్లింగ్.

"నా పొరపాటే సార్. కానీ చూడండి, మెలిపెట్టిన దారాన్ని వెలుతురుకి అడ్డం పెడితే పోగులు ఇటో వాలు, అటో వాలు కనిపిస్తాయి. ఇదీ అలాంటిదేమో."

"ఇదేం నూలు మిల్లు కాదమ్మాయ్. దాన్ని అవతల పారేసి, రేపటికల్లా పోగు ఎండబెట్టు."

ఎండబెట్టాను. ఆరు నెలలు ఎండిన పోగులకే బొమ్మలు తీశాను. ఆ ఫిల్ము మాత్రం పారెయ్యలేదు, తేదీ రాసి సొరుగులో పడేశాను.

పోయిన నెలాఖరులో ఒక సైన్సు పత్రికలో కేంబ్రిడ్జి వాళ్ల వ్యాసం వచ్చింది. అందులోనే లండన్ వాళ్ల తడి పోగు బొమ్మ కూడా ఉంది, అచ్చం నా దానిలాంటిదే. అక్కడ దాన్ని ఎవరూ పారెయ్యమనలేదు కాబోలు.

మా దగ్గర పదకొండు గంటల టీ దగ్గరే ఒకరి పని ఒకరికి చూపించుకుంటారు. ఆ టీ గదిలోకి ఆడవాళ్లు వెళ్లకూడదు, తలుపు మీద బోర్డే ఉంది. మా కప్పులు నడవాలో, కోట్లు తగిలించే కొక్కేల కింద. ఆ పత్రిక వచ్చిన వారంలోనే అక్కడ నిలబడి టీ తాగుతుంటే లోపల్నుంచి పెల్లింగ్ గొంతు వినపడింది.

"మనమే కనిపెట్టాల్సింది. ఏం చేస్తాం, మన పిల్లకి ఒక్క బొమ్మ తిన్నగా తియ్యడం చేతకాదు. అన్నీ తడిపి పెడుతుంది."

కప్పు విసరలేదమ్మా, ఆ సంగతి ముందే చెబుతున్నాను. సొరుగులోంచి ఫిల్ము తెచ్చి, తలుపు తోసుకుని వెళ్లి, ఆయన బిస్కట్ల పళ్లెం మీద పెట్టాను. పెద్దాయన విట్‌కూంబ్, కెమిస్ట్రీ ఆయన, దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూశాడు.

"ఎప్పటిది?"

"అక్టోబరుదండీ. తేదీ అంచున ఉంది."

పెల్లింగ్ మొహం కందగడ్డలా అయింది. విట్‌కూంబ్ ఫిల్ము నా చేతికిచ్చి, ఎంతో మర్యాదగా అన్నాడు: "మిస్, ఈ గదిలోకి ఆడవాళ్లు రాకూడదు."

అప్పుడు అరిచాను. ఏమన్నానో ఇక్కడ రాయను, నువ్వు మిల్లులో మేస్త్రీని అన్న మాటలే. ఆ సాయంత్రమే లాబు తాళంచెవులు తీసేసుకున్నారు. నీకు మూడు వారాలుగా దాచాను.

ఇంకోటి కూడా దాచాను. ఆ ఫిల్ము కడిగిన రోజే, తడి ఆరకుండానే దాన్ని పట్టుకుని ఆ తలుపు దాకా వెళ్లాను. విట్‌కూంబ్ లోపలే ఉన్నాడు, గొంతు వినపడుతోంది. నన్ను ఎవరూ ఆపలేదు. బోర్డు చదువుకుని, స్టేషన్లో నువ్వు చెప్పిన మాట గుర్తొచ్చి, వెనక్కి వచ్చేశాను. "నోరు జాగ్రత్త, నాలా పని పోగొట్టుకోకు" అన్నావు. ఆ ఒక్క బొమ్మతో అంతా తేలిపోయేదని అనను. కానీ తడి పోగు ఏం చెబుతోందని అప్పుడే అడిగేవాళ్లం. వాళ్ల మీద కోపం ఒక ఎత్తు, ఆ రోజు వెనుదిరిగిన నా మీద కోపం ఒక ఎత్తు.

మూడోది, పండక్కి వస్తావా అని. శనివారం బండికి వస్తున్నాను, పెట్టెతో సహా. ఫిల్ము కూడా తెస్తున్నాను, నూలు తెలిసిన మనిషి ఒక్కరైనా దాన్ని చూడాలి.

తిట్టుకో, ఏడువు, నీ ఇష్టం. ఈ నోరు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందని మాత్రం అడగకు. నీ దగ్గర్నుంచే వచ్చింది. ఆరు నెలలు ఆలస్యంగా వచ్చింది.

ఇట్లు,
నీ నోరే వచ్చిన నీ కూతురు,
ఈనిడ్