గిల్లిన గౌరమ్మ

అవ్వా,

నువ్వు లేని మొదటి బతుకమ్మ ఇది. నా మనవరాలు చిట్టి గురించి నీకు చెప్పాలి. "బిడ్డా, గీ పోరి వేళ్లు జర చూడు" అని పోయినేడు ముందుగా అన్నది నువ్వే. రెండేళ్లు నిండినా అది బొటనవేలు, చూపుడువేలు కలిపి ఏదీ పట్టుకోదు. అన్నీ పిడికిట్లోనే. వేళ్లకు పని చెప్పమన్నాడు హన్మకొండ డాక్టరు. మళ్లీ చూపిద్దామంటే తెలంగాణ సమ్మెలో బస్సులు ఆగిపోయాయి.

రోజూ గిన్నెలు తోమగానే దాన్ని పక్కన కూర్చోబెట్టుకుంటున్నాను. పిండి ముద్ద ఇస్తాను, చిక్కుడుకాయల ఈనెలు తీయిస్తాను. అన్నీ అరచేత్తో నలిపేస్తుంది. పక్కింటి పిల్లలు పల్లీలు ఒలుస్తుంటే చూడలేక తలుపు మూసేస్తున్నాను.

ఇవాళ నీలాగే పసుపు తడిపి, కొన తీర్చి గౌరమ్మను చేశాను. తంగేడు పూల కోసం అటు తిరిగానో లేదో తమ్ముడి భార్య సరిత అరిచింది.

"వదినా! నీ మనవరాలు గౌరమ్మను గిల్లింది!"

చూస్తే చిట్టి రెండు వేళ్ల మధ్య చిటికెడు పసుపు.

"నవ్వుతవేంది? జల్ది ఇంకోటి చెయ్యి, ఆడోళ్లంత ఎదురుచూస్తున్నరు."

"చెయ్య. గిట్లనే తీస్కపోదాం."

"ఎవలన్న అడిగితే ఏం చెప్పాలె?"

"చిట్టి గిల్లిందని చెప్పు. అందరికీ చెప్పు."

కొన లేని గౌరమ్మనే బతుకమ్మ మీద పెట్టి బయల్దేరాం. దారంతా చిట్టి నా కొంగును మళ్లీ పిడికిలితోనే పట్టుకుని నడిచింది. రేపు పొద్దున్నే ఇంకో ముద్ద పసుపు తడపాలి.