గొబ్బి పాటకు ఉయ్యాలో

దిల్‌సుఖ్‌నగర్

అమ్మకు నమస్కారాలు. ఫోన్‌లో నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను. టీవీలో తెలంగాణ సమ్మె చూసి భయపడి, మూటాముల్లె సర్దుకుని తెనాలి వచ్చేయమన్నావు. మేం రాము, ఇక ఆ మాట ఎత్తకు. నిన్న కింద వాటాలో ఉండే నల్గొండ అరుణమ్మగారు నన్ను బతుకమ్మ ఆటకు చెయ్యి పట్టి లాక్కెళ్లారు. "మీ దిక్కు పాట ఒకటి షురూ చెయ్యి, మేమందుకుంటం" అన్నారు. నీ గొబ్బి పాట ఎత్తుకున్నాను. గొబ్బిళ్లో అనాల్సిన చోటల్లా వీధి వీధంతా చప్పట్లు కొడుతూ ఉయ్యాలో అంది! మూడు చరణాలయ్యాక మర్చిపోయాను. మిగతావి ఆఖరి రోజు ఆడే సద్దుల బతుకమ్మలోపు అందేలా రాసి పంపు. నడుం నొప్పి తగ్గిందా? గేదె ఈనిందా? నాన్నకు నమస్కారాలు. బస్సులు తిరగ్గానే నువ్వే రా. "అమ్మకు భయమైతే మా ఇంట్ల ఉంచుకుంట, జర రమ్మను" అని అరుణమ్మగారు పక్కనే కూర్చుని రాయిస్తున్నారు.

నీ మృదుల