ఎడమచేతి బొమ్మ

కాకినాడ,
12-8-2003

మాణిక్యానికి, నేను కులాసా.

నా చేతికండ పూర్తిగా కోలుకుందని స్కానింగులో తేలినట్టు మొన్న కార్డులో రాశాను. అది తప్పు. స్కానింగు గదిలో కొత్తగా వచ్చిన అమ్మాయి “చెయ్యి చాపండి బాబాయ్‌గారూ” అంది. నాడి చూసినట్టే మగవాళ్లకి కుడిచెయ్యి చూస్తారనుకుని అదే చాపాను. ఈరోజు పెద్ద డాక్టరుగారు ఆ బొమ్మ చూసి, “నరం తెగింది ఎడమచేతికి కదండీ, మరి ఇది ఏ చెయ్యండీ?” అని అడిగేరు. కుడిచెయ్యేనని ఒప్పుకున్నాను.

మళ్లీ తీయించారు. ఎడమచేతి కండ కుడిదాంట్లో సగమే ఉంది. ఆసుపత్రిలో చేరిన రోజు బొమ్మతో పోలిస్తే పిసరంత పెరిగింది. నరం అల్లుకోవడానికి ఏడాది పడుతుందట.

ఐనవిల్లి మొక్కు ఇప్పుడే తీర్చకు. మగ్గం మీద ఉన్న పడుగు తమ్ముణ్ణి నేసుకోమను. ఈ వానలకి మగ్గం గుంటలో చెమ్మ చేరుతోందా? దుర్గ బడికి వెళ్తోందా? దానికి నా ఆశీస్సులు.

అమ్మకి నా దండాలు చెప్పు. ఈ కార్డు ఆవిడకి చదవకు. అడిగితే మొన్నటి కార్డే మళ్లీ చదివి వినిపించు.

శేషగిరి