మా మిద్దె మీద పుట్టిన టాంచో

ఆదివారం, రాత్రి

ఈ రోజు నాకు చాలా గర్వంగా ఉంది. ఇక్కడైనా ఆ మాట రాసుకోవచ్చు.

కోయి అనే రంగుల జపాను చేపల పోటీలకు జడ్జీగా వెళ్ళే పెద్దాయన ఒకరు మాధవరం వచ్చి, మా మిద్దె మీది సిమెంటు తొట్టి చూశారు. నా టాంచో రకం కోయిది పాలలాంటి ఒళ్ళు, తల మీద మాత్రం గుండ్రంగా ఒకే ఒక్క ఎర్ర మచ్చ. అది తిరిగిన వైపల్లా ఆయన తలా తిరిగింది.

"జపాన్ నుంచి తెప్పించారామ్మా?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే, ఆయన వెనకే పైకి వచ్చిన అత్త అందుకుంది. "తెప్పించేదేంది సార్? ఈడనే పుట్టింది. మా కోడలే పెంచింది."

నీసు ముట్టని ఇంట్లో చేపలేమిటని ఇన్నాళ్ళూ మిద్దె ఎక్కని మా అత్త!

ఇలాంటి మచ్చ కావాలంటే రాదని, వందల పిల్లల్లో ఎప్పుడో ఒకదానికి కుదురుతుందని ఆయన చెప్పారు. పోటీకి తెమ్మన్నారు. వెళ్తూ, "మన మద్రాసు ఎండకు ఎరుపు వెలిసిపోవచ్చు, జాగ్రత్త" అన్నారు. అప్పటినుంచీ అదే దిగులు. పోటీలోపే పాలిపోతే?

సాయంత్రం పైకి వెళ్తే అత్త తొట్టి మీద తన పాత నూలు చీర కడుతోంది. "ఆ కొస పట్టుకో ఏమ్మే, నీడ చాల్లా."

"ఎరుపు పోతే ఏం చేద్దాం అత్తా?"

"పోతే పోనీ. మనింట్లో పుట్టింది కాదంటారా ఏంది?"

పోటీకి తనూ వస్తుందట. చేప పక్కన నిలబడి, అడిగినవాళ్ళందరికీ జవాబులు తనే చెబుతుందట...