రజిత మెడ మీది చెయ్యి

పాండేసర, సూరత్, మంగళవారం

పక్క గది సాంబయ్య మళ్లీ పెళ్లాం రజితను కొట్టాడు. మా ఆవిడ ఫోన్ చేస్తే పోలీసులొచ్చారు. రజితకు హిందీ రాదు. అటు మాట ఇటు చెప్పే పని, అందరినీ ఆటపట్టించే నాకే పడింది.

లేడీ కానిస్టేబుల్ కాగితం మీది ప్రశ్నలు చూసి అడుగుతోంది. కొట్టడం ఈ మధ్య ఎక్కువైందా? చంపుతానన్నాడా? చివరికి, "గలా దబాయా క్యా?"

"గొంతు గిట్ల పిసికిండా, చెల్లె?" అన్నాను.

సాంబయ్య గడపలోనే నిలబడ్డాడు. "లేదన్నా" అంది రజిత. చెయ్యి మాత్రం మెడ మీదికి పోయింది. ఆమెది మా కార్ఖానాలోనే బాబిన్లకు దారం చుట్టే పని. మగ్గాల చప్పుడులో మాట వినపడక మేమంతా చేతులతోనే మాట్లాడుకుంటాం. ఆ చెయ్యి నాకు అర్థమైంది. అయినా, సాంబయ్యది నా పక్క మగ్గమే, వాడితో పగెందుకని "నహీ" అన్నాను. కానిస్టేబుల్ సాంబయ్యను బెదిరించి, నాకు నంబరిచ్చి పోయింది.

మొన్న ఎండలో రజిత మెడకు చున్నీ చుట్టుకుంటే, "ఏంది చెల్లె, సూరత్‌ల మంచు పడ్తున్నదా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఇందాక ఆ నంబరుకు ఫోన్ చేసి చెయ్యి సంగతి చెప్పేశాను. గొంతు పట్టినవాడు ఈసారి చంపినా చంపుతాడని, ఆమెను అక్కడ ఉంచొద్దని, పొద్దున వచ్చి విడిగా అడుగుతానని కానిస్టేబుల్ అంది. సాంబయ్య రాత్రి షిఫ్టుకు పోయాడు. రజిత మా ఆవిడ పక్కన పడుకుంది.

వాడు ఏడింటికి వస్తాడు. కానిస్టేబుల్ ఎన్నింటికి వస్తుందో అడగనేలేదు.